విశేషణాల ఏరివేత

ఒక మనిషి ఒక్కసారే ఉండాలి!

ఇది వేదవాక్యం కాదు, డేటాబేస్ వాక్యం. వేదవాక్యాన్ని వ్యాఖ్యానించడానికి దేశం నిండా పండితులున్నారు. డేటాబేస్ వాక్యాన్ని వ్యాఖ్యానించడానికి కామారెడ్డి మొత్తం మీద ఇద్దరమే ఉండేవాళ్లం. ఒకరు కృష్ణమోహన్, రెండోవాణ్ని నేను. నా పేరు ఎన్. మార్కండేయ. ఎన్ అంటే ఏమిటని నన్నెవరూ అడగరు. ఇంటిపేరు అయి ఉంటుందని వాళ్లకు వాళ్లే అనుకుంటారు. ఒకరి అభిప్రాయానికి అడ్డు చెప్పడం నాకు అలవాటు లేదు కనుక అనుకోనిస్తాను.

2013లో నేను కామారెడ్డిలో ఒక కార్యాలయంలో పనిచేసేవాణ్ని. ఆ కార్యాలయం పేరు చెప్పను. చెప్తే బాగుండదు, పైగా వాళ్ల దగ్గర నా వివరాలన్నీ ఉన్నాయి. చుట్టుపక్కల మండలాల తెల్లకార్డుల జాబితా అంతా మా కంప్యూటర్లలోనే ఉండేది. కాంట్రాక్టరు ఇచ్చిన గుర్తింపు కార్డు మీద నా హోదా 'డేటా ఎంట్రీ ఆపరేటర్'. నేను అచ్చు వేయించుకున్న విజిటింగ్ కార్డు మీద 'డేటాబేస్ ఆర్కిటెక్ట్'. రెండూ ఒకే జేబులో ఉండేవి కానీ, ఏది ఎవరికి చూపించాలో ఏనాడూ పొరబడలేదు!

మూడో కార్డు ఒకటుంది. అది మా తెల్ల రేషన్ కార్డు. దాన్ని మాత్రం ఎల్లారెడ్డిలో మా అన్న ఇంటి నంబరు మీదే ఉంచుకున్నాం. బియ్యం కోసం కాదు, సొంతూరితో సంబంధం తెగిపోకూడదని. సంబంధంతో పాటు నెలనెలా బియ్యం కూడా వచ్చేవి. వద్దంటే ఊరివాళ్లు బాధపడతారు కదా.

కృష్ణమోహన్ అంతకు రెండేళ్ల ముందు వరకు నా పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. ఒకరోజు పొద్దున లేచి నిలబడి, "నేను ఫ్రీలాన్సర్ అయిన" అని ప్రకటించి వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి నీలం రంగు కోటు వేసుకోవడం మొదలుపెట్టాడు. కామారెడ్డి ఎండలో కోటు వేసుకునేది ఇద్దరే: పెండ్లికొడుకు, బ్యాండుమేళం వాళ్లు. మూడోవాడు కృష్ణమోహన్. స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద గది తీసుకుని, హాల్‌టికెట్లు ప్రింటు తీసి ఇవ్వడం, దరఖాస్తులు నింపి పెట్టడం చేసేవాడు. దాన్ని 'ప్రజలతో ప్రత్యక్ష డేటా అనుసంధానం' అనేవాడు. మనం కూడా అలాగే అనాలి!

ఒక సాయంత్రం స్టేషన్ దగ్గరి హోటల్లో నాకు చాయ్ ఇప్పించి, చాలా సేపు నా ముఖంలోకి చూసి అన్నాడు:

"తమ్మీ, కుర్చీల కూసున్నోనికి జీతమే వస్తది. మైకు ముంగట నిలబడ్డోనికి పేరొస్తది. పేరొచ్చినంక పని దానంతట అదే ఎంట వడి వస్తది."

"మైకు ముంగట ఏం మాట్లాడాలె అన్న?"

"ఏమన్న మాట్లాడు. విన్నోనికి మాత్రం సమజ్ కావద్దు. సమజైతె ప్రశ్నలడుగుతడు. ప్రశ్నలడిగిండంటె నువ్వు నిపుణునివి కావు, పంతులువు!"

"మరి ఫ్రీలాన్స్‌ల పని దొరుకుతదా?"

"పనా?" అని నా వైపు జాలిగా చూశాడు. "పని చేసేటోడు ఉద్యోగి. సలహా చెప్పేటోడు ఫ్రీలాన్సర్. ఇంక నీకు గా తేడానే తెల్వదా?"

ఆ తేడా తెలియకుండా ఎనిమిదేళ్లు పని చేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కృష్ణమోహన్ 'ఉత్తర తెలంగాణ ప్రథమ డేటాబేస్ మహాసదస్సు' పెడుతున్నాడట. ప్రధాన వక్తను నేనట! ఉపన్యాసం చివర వేదిక మీదే రాజీనామా ప్రకటించాలట. చప్పట్లు మోగిపోతాయట.

"కాయితం మీద 'తక్షణం' అని రాయి తమ్మీ. నోటీసు, గడువు అని రాస్తె దమ్ము లేనోడనుకుంటరు. నువ్వు సదస్సు తయారీల ఉంటవు గద, శనివారం నేనే పోయి కాంట్రాక్టర్ చేతులల్ల పెట్టొస్త."

అంత తీరిక లేని మనిషి నా కోసం తిరుగుతానంటుంటే అక్కడే కాగితం తెప్పించి రాసిచ్చేశాను. లేవబోతూ అడిగాడు.

"అవునుగానీ, నీ కుర్చీ ఇంక గా కిటికీ పక్కనేనా?"

"అవునన్న. పోయినేడు మీద ఫ్యాన్ గూడ ఏసిండ్రు."

"అబ్బో, ఫ్యాన్ గూడనా!" అని, ఖాళీ గ్లాసులోకి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఇంతకీ నన్ను ప్రధాన వక్తను చేసిన ఘనకార్యం ఏమిటో చెప్పాలి.

అంతకు రెండు వారాల ముందు మా పెద్దసారుకు పైనుంచి ఆదేశం వచ్చింది: జాబితాలోని బోగస్ కార్డులను పదిహేను రోజుల్లో ఏరివేయాలి. సారు ఆ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, "నువ్వు ఆర్కిటెక్ట్‌వట గదా" అన్నారు. విజిటింగ్ కార్డు పొరపాటున ఎవరి చేతిలోనో పడినట్టుంది.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పకపోతే మీకు అర్థం కాదు. గంగమ్మకు మొక్కుకున్న ఇంట్లో కొడుకు పుడితే గంగారాం అని పెడతారు. రెండోవాడు పుడితే వాడూ ఆ తల్లి చలవే కనుక వాడికీ గంగారాం అనే పెడతారు. మూడోవాడికి వేరే పేరు పెడితే దేవత నొచ్చుకుంటుందేమోనని వాడూ గంగారామే. పిలవడానికి తికమక లేకుండా పెద్ద గంగారాం, నడిపి గంగారాం, చిన్న గంగారాం. పెద్దవాడికీ చిన్నవాడికీ మధ్యలో ఉన్నవాడు నడిపి. పేరులో 'నడిపి' ఉన్నంత మాత్రాన ఇంటిని నడిపేది అతనని కాదు. అది ఎప్పుడూ పెద్దవాడే. బడి రిజిస్టర్లో ఇదే పేరు, పెండ్లి పత్రికలో ఇదే పేరు, అందరికీ అంతా తెలుసు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. డేటాబేస్‌కు తప్ప!

నాకంటే ముందు పనిచేసిన ఆపరేటర్లు ఒకచోట 'పెద్ద గంగారాం' అని, ఇంకోచోట 'గంగారాం పెద్ద' అని, మరోచోట 'పెద గంగారం' అని కొట్టిపెట్టారు. ఎవరు ఎవరో తేలాలంటే ఊరూరూ తిరిగి ఇల్లిల్లూ అడగాలి. మేధావి చేసే పని కాదది. చిన్నప్పుడు బడిలో చెప్పింది గుర్తొచ్చింది. పెద్ద, చిన్న, నడిపి అనేవి విశేషణాలు. జాబితాలో ఉండవలసింది పేర్లు. పేర్ల జాబితాలో విశేషణాలకు ఏం పని?

కంప్యూటర్‌కు హుకుం లాంటి ఒక క్వెరీ రాశాను. అందులో మొదటి భాగం విశేషణాలను, పొడి అక్షరాలను తీసేస్తుంది. రెండో భాగం ఒకే పేరు, ఒకే తండ్రి పేరు, ఒకే ఇంటి నంబరు ఉన్నవాళ్లలో మొదటివాణ్ని ఉంచి మిగతావాళ్లను తీసేస్తుంది. భోజనానికి లేచే ముందు మీట నొక్కాను. టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి 4,312 మంది పోయారు. చిన్న చప్పుడు కూడా కాలేదు.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. వీళ్లలో నిజంగా ఉన్నవాళ్లు ఎంతమందో అనిపించింది. అయితే అప్పటికే సారు నా వెనక నిలబడి, "నాలుగు వేల మూడు వందల పన్నెండు!" అని పైకి చదువుతున్నారు. అనుమానం కూడా ఒక విశేషణం లాంటిదేనని దాన్నీ తీసేశాను.

వారం తిరిగేసరికి నిజాంసాగర్ చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. '4,312 బోగస్ కార్డుల ఏరివేత వీరుడు, డేటాబేస్ శాస్త్రవేత్త శ్రీ ఎన్. మార్కండేయ గారి మహోపన్యాసం.' కట్టించింది కృష్ణమోహన్. ఆర్కిటెక్ట్ కాస్తా శాస్త్రవేత్త అయ్యాడు. వద్దనడానికి నేనెవరిని?

సదస్సు ఆదివారం. దానికి ముందు సోమవారం పొద్దున నా కిటికీ దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. భుజం మీద తువ్వాల, చేతిలో ప్లాస్టిక్ సంచి. వెనకాల గోడకు ఆనుకుని అతని భార్య కూర్చుని ఉంది, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని.

"సారు, నేను లేనట."

"ఎక్కడ లేవు?"

"యాడ లేనో నాకేమెరుక సారు! ఆస్పత్రిల కంప్యూటర్ కొట్టి చూసి నువ్వు లేవన్నరు. మా భూమక్కకు కడుపుల గడ్డ ఉన్నది. వచ్చే వారం మంగళారం ఆపరేషన్ పెట్టిండ్రు. కార్డుంటె మనకేం ఖర్చు లేదట. కార్డు గిదో, ఉన్నది. కార్డుల నేను లేనట!"

కార్డు తీసుకుని పేరు కొట్టి చూశాను.

"ఉన్నవు గదనయ్యా. గంగారాం, తండ్రి లింబయ్య, ఇంటి నంబర్ 3-41."

"గాయిన మా అన్న సారు. పెద్ద గంగారాం. నేను నడిపి గంగారాం."

"అంటే నువ్వు మీ అన్నకు డూప్లికేట్."

"మా అన్న నల్లగుంటడు సారు."

"సిస్టంకు రంగు తెల్వదు."

"నాకన్న ఏడేండ్లు పెద్ద. మీసాలుంటయ్. మా ఇద్దరికి మాటలు గూడ లెవ్వు. డూప్లికేట్ ఎట్లయిత?"

"ఇల్లు ఒక్కటే గదా?"

"వేరుపడి పదిహేనేండ్లాయె సారు. పొయ్యిలు మూడు. నంబరొక్కటే."

"సిస్టంల పేరుకు, ఇంటి నంబరుకు కాలమ్‌లున్నయ్. పొయ్యికి కాలం లేదు."

"గట్లనే ఉన్నది సారు కాలం," అన్నాడు నిట్టూర్చి.

నేను విధానం వివరించాను. డూప్లికేట్ కాదని దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు మీద కార్డు నంబరు వేయాలి. ఆ నంబరు సిస్టంలో ఉండాలి.

"సిస్టంల ఉంటె నేను గీడికెందుకొస్త సారు?"

తర్కం బాగానే ఉంది. కానీ తర్కానికి మా దగ్గర ఫారం లేదు. "నువ్వు మీ అన్నవు కాదని సాక్ష్యం ఏమన్న ఉంటె తీస్కరా" అన్నాను.

మీతో నిజం చెప్తాను. తీసేసిన పేర్లన్నీ ఒక పక్కన దాచే ఉంచాను. అది మా వృత్తిధర్మం. అతన్ని తిరిగి జాబితాలో చేర్చడానికి నాలుగు నిమిషాలు చాలు. కానీ ఒక్క గంగారాంను వెనక్కి తెస్తే 4,312 కాస్తా 4,311 అవుతుంది. ఎందుకు తగ్గిందని అడుగుతారు. కారణం చెప్తే మిగతావాళ్ల సంగతేమిటని అడుగుతారు. అక్కడ చౌరస్తాలో ఫ్లెక్సీ లేచి ఉంది. ఒక మనిషి కోసం ఫ్లెక్సీ మార్చమంటారా?

"ఆదివారం నాకు పెద్ద సదస్సున్నది. వచ్చే సోమారం రా, చేసిస్త" అన్నాను. ఆ సోమవారానికి నేను ఆ కుర్చీలో ఉండనని నాకు తెలుసు.

గంగారాం కదల్లేదు. భూమక్కే గోడ పట్టుకుని లేచింది. "సారు చేస్తనంటున్నడు గదా, చేస్తడు తియ్యి. నడువు" అని భర్తను సముదాయించింది. ఆ మాట నాకు నచ్చలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గంగారాం బుధవారం మళ్లీ వచ్చాడు, శుక్రవారం మళ్లీ వచ్చాడు. రెండుసార్లూ నేను సర్వర్ గదిలో ఉన్నానని చెప్పించాను. మా కార్యాలయంలో సర్వర్ గది లేదు.

ఇంట్లో రాజీనామా సంగతి చెబితే మా ఆవిడ సాయిలత పప్పు ఏరుతున్న చాటలోంచి తలెత్తింది.

"ఫ్రీలాన్స్ అంటె ఏంది? ఫ్రీగ చేసుడా?"

"కాదే. స్వేచ్ఛగ చేసుడు."

"ఇప్పుడు మిమ్ముల ఎవరు కట్టేసిండ్రు?"

"నీకు సమజ్ కాదు. కృష్ణమోహనన్న చూడు, రెండేండ్ల సంది ఎంత స్వేచ్ఛగ ఉన్నడో!"

"అవ్, చూస్తనే ఉన్న. మొన్న వాళ్లామె వచ్చి మన చాయపత్త స్వేచ్ఛగ తీస్కపోయింది."

ఇలాంటి చోట మేధావి మాట మార్చాలి. మార్చాను. ఆదివారం సదస్సుకు రమ్మంటే, "మీ మాటలు సమజ్ కావద్దంటిరి గదా, సమజ్ కానిదానికి నేనెందుకు? ఎల్లారెడ్డి పోయి ఈ నెల బియ్యం తెచ్చుకుంట" అంది.

ఆదివారం వచ్చింది. ఫంక్షన్ హాల్లో ముందురోజు పెండ్లి జరిగింది. వేదిక వెనక థర్మాకోల్‌తో చేసిన 'శుభవివాహం' అక్షరాలు తీయడానికి నిచ్చెన దొరకలేదు. దాని కిందే మా బ్యానరు కట్టారు. కాబట్టి సభ పేరు 'శుభవివాహం ఉత్తర తెలంగాణ ప్రథమ డేటాబేస్ మహాసదస్సు' అయింది. ఎనభై మంది దాకా కంప్యూటర్ కోచింగ్ విద్యార్థులు వచ్చారు. వచ్చినవాళ్లకు సర్టిఫికెట్టు, పులిహోర ఇస్తామని చెప్పి ఉన్నారు లెండి. కోటులో చెమటలు కక్కుతూ కృష్ణమోహన్ నన్ను పరిచయం చేశాడు. ఆ పరిచయం విని నాకే నా మీద గౌరవం కలిగింది.

మైకు పట్టుకున్నాను.

"సోదర డేటాబేస్ నిపుణులారా! ఒక మనిషి ఒక్కసారే ఉండాలి!"

చప్పట్లు! అర్థం కాలేదన్నమాట. ఉత్సాహం వచ్చి ఇంకో అరగంట మాట్లాడాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీసి చూస్తే సాయిలత. నొక్కేశాను. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కేశాను. చివరికి చెయ్యి పైకెత్తి, "ఈ వేదిక మీది నుంచే ప్రకటిస్తున్నాను. నా ఉద్యోగానికి రాజీనామా చేశాను. రేపటి నుంచి నేను ఫ్రీ!" అన్నాను. హాలు మారుమోగిపోయింది. కృష్ణమోహన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత, మర్యాద కోసం, "ఏమన్న ప్రశ్నలున్నయా?" అని అడిగాడు.

చివరి వరుసలో ముగ్గురు లేచి నిలబడ్డారు. నల్లగా, మీసాలతో ఒకాయన. ప్లాస్టిక్ సంచితో నడిపి గంగారాం. మూడోవాడు కాస్త పొట్టి.

"సారు, సోమారం మీరుండరట గదా," అన్నాడు గంగారాం. "చాయ్ హోటల్ల చెప్పిండ్రు. అందుకే ఇయ్యాల్నే వచ్చినం. నేను మా అన్నను కానని సాక్ష్యం అడిగితిరి గదా. అన్ననే తెచ్చిన. ఎందుకైన మంచిదని తమ్ముని గూడ తెచ్చిన. ఇగో, ముగ్గురం. లెక్కవెట్టుకోండ్రి."

హాలంతా వెనక్కి తిరిగి లెక్కపెట్టింది. మూడే వచ్చింది.

"తెర మీద చూపియ్యి తమ్మీ. తెర మీద చూస్తె నమ్ముతరు," అని కృష్ణమోహన్ నా చెవిలో ఊదాడు. లాప్‌టాప్‌లో మా కార్యాలయం జాబితా తెరిచి పేరు కొట్టాను. తెర మీద ఒక్క గంగారామే వచ్చాడు.

"చూశారా! సిస్టం ప్రకారం మీరు ముగ్గురూ ఒక్కరే!" అన్నాను. విద్యార్థులు పగలబడి నవ్వారు. నడిపి గంగారాం ముఖం మాడిపోయింది. సభ నా చేతిలోకి వచ్చేసినట్టే!

అప్పటిదాకా నోరు తెరవకుండా నన్నే చూస్తున్న పెద్ద గంగారాం రెండు అడుగులు ముందుకు వేశాడు.

"నువ్వు ఎల్లారెడ్డి దర్జీ మార్కండేయ తమ్మునివి గాదు?"

నేను తెర వైపు తిరిగిపోయాను.

"మా అంగీలు కుట్టేది మీ అన్ననే. పెద్ద మార్కండేయ. బస్టాండ్ కాడ సైకిల్ దుకాణం చిన్న మార్కండేయది. నువ్వు... అగో! నువ్వు నడిపోనివి! నడిపి మార్కండేయవు గదా!"

అవును, ఎన్ అంటే అదే. మా అవ్వ మొక్కుకున్నది మార్కండేయుడికి. మేమూ ముగ్గురమే. కామారెడ్డి కాలేజీలో చేరిన మొదటి రోజు హాజరు పిలుస్తుంటే 'నడిపి' అన్నచోట తరగతి నవ్వింది. ఆ మర్నాటి నుంచే నేను ఎన్. మార్కండేయ. పదిహేడేళ్లు ఆ ఒక్క అక్షరం చాటున బతికాను. ఇప్పుడు ఎనభై మంది మళ్లీ నవ్వుతున్నారు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి అది దేవుడు పంపినట్టే అనిపించింది. ముఖం దాచుకోవడానికైనా పనికొస్తుందని ఎత్తాను. రెండో చేతిలో మైకు ఉన్న సంగతి మరిచిపోయాను. సాయిలత గొంతు అసలే పెద్దది. హాల్లోని నాలుగు స్పీకర్లలోనూ ఒకేసారి పలికింది.

"ఎన్నిసార్లు చెయ్యాలె ఫోన్! మన కార్డు తీసేసిండ్రట! మీరు మా బావకు డూప్లికేట్ అట! బియ్యం లేదు, ఏం లేదు, పొమ్మంటున్నడు డీలర్! ఎవడో బద్మాష్‌గాడు కంప్యూటర్ల ఏందో కొట్టిండట, వాని చేతులు విరిగిపోను!"

ఆ తర్వాత హాల్లో జరిగింది రాయడం నాకు ఇష్టం లేదు.

నా క్వెరీ నన్నూ తీసేసింది! అన్న పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు అన్నీ కలిశాయి కదా. గబగబా నా పేరు తిరిగి చేర్చబోయాను. ముందు గంగారాం పేరు కొట్టి ఉండాల్సింది, నాకూ తెలుసు, కానీ వేళ్లు సొంత పేరు మీదికే పోయాయి. 'ఎన్. మార్కండేయ' అని కొట్టాను. 'ఈ వ్యక్తి ఇప్పటికే ఉన్నారు' అంది సిస్టం. 'మార్కండేయ ఎన్' అని కొట్టాను. 'ఈ వ్యక్తి ఇప్పటికే ఉన్నారు.' పొడి అక్షరాలను కూడా తీసెయ్యమని రాసింది నేనే! మా అన్నకూ నాకూ తేడా చెప్పే మాట లోకంలో ఒక్కటే ఉంది. ఆ మాటను నేను అటు పేరులోంచీ తీసేశాను, ఇటు జాబితాలోంచీ తీసేశాను.

"సారు, నడిపి అని కొట్టుండ్రి," అన్నాడు గంగారాం వేదిక దగ్గరికి వచ్చి, మెల్లగా. "మనిద్దరిది ఒక్కటే బాధ."

విశేషణాలను తీసేసే నియమాన్ని ముందుగా రద్దు చేశాను. తర్వాత గోడంత తెర మీద, అందరూ చూస్తుండగా, మూడక్షరాలూ పూర్తిగా కొట్టాను: నడిపి. ఆ నియమం పోయాక దాచిన పేర్లన్నీ ఒక్కసారిగా తిరిగి రావడం మొదలుపెట్టాయి. నడిపి గంగారాంలు, చిన్న గంగారాంలు, నడిపి సాయన్నలు, చిన్న లింగవ్వలు తెర నిండా గుంపుగా వచ్చేశారు. చివరికి నిజమైన బోగస్ కార్డులు ఎన్ని మిగిలాయో చూస్తే పంతొమ్మిది!

"అయిపోయిందా సారు?" అన్నాడు గంగారాం.

"అయింది."

"గింతేనా?" అని గోడ గడియారం వైపు చూశాడు. "నాలుగు నిమిషాలు. గీ నాలుగు నిమిషాల కోసం మా ఆమెను బస్సుల కూసవెట్టుకొని మూడుసార్లు తిరిగిన సారు."

కోపంగా అనలేదు. నాకు సిగ్గేసింది. నవ్వించడానికి చెప్పడం లేదు, నిజంగానే సిగ్గేసింది. ముగ్గురన్నదమ్ములూ పులిహోర కూడా తినకుండా వెళ్లిపోయారు. మంగళవారం భూమక్క ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ సంగతి గంగారాం ఫోన్ చేసి చెప్పలేదు, నేనే చేసి అడిగాను.

ఇక్కడితో ఆపితే నేను మారిపోయానని మీరు మెచ్చుకుంటారు. కానీ సోమవారం ఒకటుంది.

సోమవారం పొద్దున రాజీనామా వెనక్కి తీసుకుందామని కార్యాలయానికి వెళ్లాను. 'తక్షణం' అని రాసి ఉండడం వల్ల తక్షణమే ఆమోదించారట. నా కుర్చీ వెనక నీలం కోటు వేలాడుతోంది. కుర్చీలో కృష్ణమోహన్. పైన ఫ్యాను తిరుగుతోంది. నా రాజీనామా, తన దరఖాస్తు ఒకే కవర్లో పెట్టి ఇచ్చాడట!

"తమ్మీ, తప్పుగ అనుకోకు," అన్నాడు. "రెండేండ్లాయె ఫ్రీగ ఉండవట్టి. ఫ్రీలాన్సర్‌కు గూడ కూసునేతందుకు ఒక కుర్చీ ఉండాలె గదా. దా, నీ కార్డు కొత్తది తీసిస్త. పేరు చెప్పు."

"నడిపి మార్కండేయ," అన్నాను, కాస్త గట్టిగానే.

"ఎన్ అని కొడ్తలే, మంచిగుంటది."

"వద్దన్న. పూర్తిగ కొట్టు."

కార్డు తీసి ఇస్తూ, "వచ్చే ఏడు ద్వితీయ మహాసదస్సు పెడ్తున్న. ఇప్పుడు నువ్వే గద ఫ్రీలాన్సర్‌వు. ప్రధాన వక్తను ఒకణ్ని నువ్వే వెతికి పెట్టాలె" అన్నాడు.

కృష్ణమోహన్ పక్క కుర్చీలో మైసన్న అనే ఆపరేటరు పని ఆపేసి మా మాటలే వింటున్నాడు. ఏం చెప్పినా నమ్మే ముఖం. ఎనిమిదేళ్ల కిందట నాదీ అలాంటి ముఖమే. పాపం, ఇతణ్నయినా కాపాడాలి అనుకున్నాను. అంతలో అతని కుర్చీ పక్కన ఉన్న కొత్త కూలరు నా కంట పడింది.

మైసన్న భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకువెళ్లి, చాయ్ చెప్పాను.

"తమ్మీ," అన్నాను, అతని ముఖంలోకి చాలా సేపు చూసి. "కుర్చీల కూసున్నోనికి జీతమే వస్తది. మైకు ముంగట నిలబడ్డోనికి పేరొస్తది."